కిటికీలో కూలర్, సీలింగుకు సెన్సర్

పగటి వెలుగును బట్టి దీపాలను తగ్గించే సెన్సర్ల గురించి ఏ ప్రచార పత్రం చూసినా ముందు కనిపించేది ఒక శాతం. ముప్పై, యాభై, ఒక్కోసారి అరవై. ఎన్ని దీపాల మీద, ఎంత లోతున్న గదిలో, అంతకుముందు ఆ దీపాలను ఎవరు ఎలా వాడుతున్నప్పుడు అన్న వివరం ఆ అంకె పక్కన ఉండదు. హనుమకొండలోనో కరీంనగర్‌లోనో ఒక కార్యాలయానికి ఈ ఏర్పాటు పెట్టాలా వద్దా తేల్చుకోవాలంటే కావలసింది ఆ వివరమే. ఈ పరికరం తనంతట తాను కరెంటు ఆదా చేయదు. గదిలోకి అప్పటికే వచ్చిన వెలుగును లెక్కలోకి తీసుకుంటుంది, అంతే. వెలుగు రాని గదిలో అది కొలిచేది చీకటిని.

వరంగల్ ఆకాశానికి వెలుగు కొరత లేదు. సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న ఈ ఊళ్లో అతి చిన్న పగలు కూడా 11 గంటలు, అతి పెద్దది 13 గంటలు దాటుతుంది. పది నుంచి ఐదు దాకా నడిచే కార్యాలయం ఏడాదంతా పగటిలోనే మొదలై పగటిలోనే ముగుస్తుంది. నిండు ఎండలో ఆరుబయట లక్ష లక్స్ (ఒక చోట ఎంత వెలుగు పడుతోందో చెప్పే కొలత) ఉంటుంది. ముసురు పట్టిన శ్రావణ మధ్యాహ్నంలో కూడా పదివేల లక్స్ దొరకడం మామూలే. బల్ల మీద చదవడానికి, రాయడానికి కావలసింది 300 నుంచి 500. మన దేశ ప్రమాణాలు లెక్కకు తీసుకునే ఆకాశమైతే మరీ పొదుపైనది. సూర్యుడు 15 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పటి తేట ఆకాశాన్ని, అంటే 8,000 లక్స్‌ను ఆధారంగా పెట్టుకుంటాయి. అందులో ఒక శాతం గదిలోకి చేరితే 80 లక్స్. కార్యాలయాలకు సూచించిన 1.9 శాతం చేరితే 150 లక్స్. అంటే పొద్దు వాలే వేళ కూడా సగం పని ఆకాశం చేయగలదు, మిగతా సగం దీపాలు చేస్తే చాలు. మిగిలిన పగలంతా ఆకాశం ఈ లెక్క కన్నా చాలా ఉదారంగా ఉంటుంది. అయినా ఊళ్లోని కార్యాలయాల్లో మిట్టమధ్యాహ్నం దీపాలన్నీ వెలుగుతూనే ఉంటాయి. సెన్సర్ల వాదన పుట్టింది ఇక్కడే, అందులో నిజం ఉంది.

పరికరాలు రెండు రకాలు. మొదటి రకంలో సెన్సర్ బయటి వెలుగునే చూస్తుంది. కిటికీ వైపో, పైకప్పు మీద ఆకాశం వైపో తిరిగి ఉండి, బయట ఇంత ఉంటే లోపల దీపాలు ఇంత అని ముందే నేర్పిన లెక్క ప్రకారం తగ్గిస్తుంది. రెండో రకంలో సెన్సర్ సీలింగుకు ఉండి కిందికి చూస్తుంది. ఎండ వల్ల వచ్చినదీ దీపాల వల్ల వచ్చినదీ కలిపి మొత్తం వెలుగును గమనిస్తూ, తగ్గిన మేరకు దీపాలతో పూరిస్తుంది. వినడానికి రెండోదే తెలివైనదిగా అనిపిస్తుంది. చిక్కు ఏమిటంటే దానికి కనిపించేది బల్ల మీద పడే వెలుగు కాదు, బల్ల నుంచి తిరిగి పైకి లేచే వెలుగు. తెల్లకాగితాలు పరచిన బల్ల ఒక మాట చెబుతుంది, ఎర్రగుడ్డలో కట్టిన రికార్డుల మూటలు పెట్టిన అదే బల్ల ఇంకో మాట చెబుతుంది. సాయంత్రం పడమటి కిటికీ నుంచి ఒక ఎండచార నేల మీద పడితే, గదంతా వెలుగుతోందనుకుని సెన్సర్ దీపాలు తగ్గించేస్తుంది. ఆ చారకు ఆరడుగుల అవతల కూర్చున్న గుమాస్తా చీకట్లో పడతాడు. సీలింగ్ ఫ్యాను రెక్కలు సెన్సర్ చూపుకు అడ్డొస్తే రీడింగు ఊగుతుంది. అందుకే మంచి పరికరాలు కొన్ని నిమిషాల పాటు వెలుగును సగటు చేసి చూస్తాయి. దీపం ఆరే స్థాయికీ మళ్లీ వెలిగే స్థాయికీ మధ్య తగినంత ఎడం ఉంచుతాయి. మబ్బు తునక వచ్చి పోయిన ప్రతిసారీ దీపాలు ఆరి వెలుగుతుంటే ఆ గదిలో పనిచేసేవాళ్లు వారం తిరగకముందే సెన్సర్ మీద అట్టముక్క అంటిస్తారు. వాళ్లను తప్పు పట్టనక్కరలేదు.

ఇక లెక్క. 40 అడుగుల పొడవు, 30 అడుగుల లోతు ఉన్న ఒక హాలు అనుకుందాం. పొడవు గోడకు వరుసగా కిటికీలు. సీలింగుకు 36 వాట్ల ఎల్‌ఈడీ ప్యానెళ్లు 20, కిటికీలకు సమాంతరంగా ఐదేసి చొప్పున నాలుగు వరుసలు. రోజుకు 8 గంటలు, ఏడాదికి 280 రోజులు వెలిగితే మొత్తం 1,613 యూనిట్లు. కిటికీ వెలుగు గదిలోపలికి ఎంత దూరం వెళ్తుందన్నది కిటికీ పై అంచు ఎత్తును బట్టి ఉంటుంది. ఆ ఎత్తుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్ల దాకా పనికొచ్చే వెలుగు వస్తుందన్నది ఎంతో కాలంగా వాడుకలో ఉన్న సూత్రం. మన దగ్గర లింటెల్, అంటే కిటికీ మీది అడ్డదూలం, ఏడడుగుల దగ్గర ఉంటుంది కాబట్టి వెలుగు చేరేది పది నుంచి పద్నాలుగు అడుగులు. అంటే మొదటి వరుసకు పూర్తిగా, రెండో వరుసకు అరకొరగా ఆకాశం సాయం అందుతుంది. మూడు, నాలుగు వరుసలకు సెన్సర్ పెట్టడం డబ్బు తగలేయడమే.

మొదటి వరుస వాడకం 403 యూనిట్లు. అందులో సగం తగ్గితే 200. రెండో వరుసలో పావువంతు తగ్గితే ఇంకో 100. మొత్తం 300 యూనిట్లు, హాలు వాడకంలో 19 శాతం. దీనిలోంచి సెన్సర్ల సొంత తిండి తీసేయాలి. వెలుగును తగ్గించగల డ్రైవర్, అంటే ఎల్‌ఈడీకి కరెంటు అందించే చిన్న సర్క్యూట్, దీపం ఆరి ఉన్నప్పుడు కూడా అర వాటు దాకా తీసుకుంటుంది. పది దీపాలకు ఐదు వాట్లు, దీపాలు ఆరి ఉండే 6,520 గంటలకు 33 యూనిట్లు. సెన్సర్లను నడిపే పెట్టె ఇరవైనాలుగు గంటలూ ఐదు వాట్లు తీసుకుంటే 44 యూనిట్లు. మిగిలేది సుమారు 220. యూనిట్‌కు 9 రూపాయలు అనుకుంటే ఏడాదికి రెండు వేల రూపాయలు. సెన్సర్, డ్రైవర్లు, వైరింగు, అమర్చినవాళ్ల కూలి కలిపి ఎన్నేళ్లకు తిరిగొస్తుందో ఇక్కడి నుంచి ఎవరికి వారే చూసుకోవచ్చు.

ఇదే హాల్లో పదిహేనేళ్ల కిందట జంట ట్యూబ్‌లైట్లు ఉండేవి. చోక్‌లతో కలిపి ఒక్కో జంటకు 90 వాట్ల పైమాటే. అప్పుడు అదే 19 శాతం 750 యూనిట్లు అయ్యేది. సెన్సర్ ప్రచారపు శాతాలు చాలావరకు ఆ కాలపు గదుల్లో పుట్టినవి. శాతం ఇప్పటికీ అదే ఉండవచ్చు. అది దేనిలో శాతమో ఆ మొత్తం కరిగిపోయింది. ట్యూబులు తీసి ఎల్‌ఈడీలు పెట్టడం ఒక్కటే 2,400 యూనిట్లు మిగిల్చింది, ఏ సెన్సరూ లేకుండా. తలెత్తి చూస్తే ఆ హాల్లోనే పన్నెండు పాత సీలింగ్ ఫ్యాన్లు కూడా తిరుగుతుంటాయి, ఒక్కోటి 75 వాట్లు, అంటే రెండు ప్యానెళ్లంత. చలికాలం తీసేసి ఏడాదికి 1,700 గంటలు తిరిగితే 1,530 యూనిట్లు. వాటి బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే బ్రష్‌లెస్ మోటారు) ఫ్యాన్లు పెడితే 900 యూనిట్ల పైన తగ్గుతుంది. సెన్సర్లకు నాలుగింతలు. ఇంధన పొదుపు బడ్జెట్ ఉన్న ఏ సంస్థ అయినా ఈ వరుసను తలకిందులు చేసి ముందు సెన్సర్లు కొంటే, అది పొదుపు కోసం కాదు, ప్రారంభోత్సవం కోసమే అనుకోవాలి.

సెన్సర్ల పక్షాన ఒక మాట కూడా చెప్పాలి. దీపం తాగిన కరెంటంతా చివరికి గదిలో వేడిగానే మిగులుతుంది. ఏసీ ఉన్న హాల్లో దీపాల్లో మూడు యూనిట్లు తగ్గితే ఏసీలో దాదాపు ఒక యూనిట్ తగ్గుతుంది. చలిదేశాల్లో ఇదే వేడి తగ్గినందుకు హీటర్లు ఎక్కువ మండించాల్సి వస్తుంది. రామగుండంలో ఆ బాధ లేదు. ఇక్కడ ఈ లాభం ఎప్పుడూ లాభమే.

కాగితం మీది లెక్కకూ కట్టిన భవనంలో కనిపించినదానికీ తేడా ఎంతో తెలిపే పరిశీలనలు అమెరికాలో జరిగాయి. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల పరిశోధకులు 2012లో 88 అధ్యయనాల్లోని 240 అంచనాలను కలిపి చూస్తే, పగటి వెలుగు నియంత్రణ వల్ల సగటు ఆదా 28 శాతం తేలింది. కంప్యూటర్ నమూనాలు చెప్పే ఆదా, నిజంగా కొలిచినదాని కన్నా ఎక్కువగా ఉంటోందని కూడా వాళ్లు గమనించారు. అంతకన్నా కటువైనది 2005 నాటి పరిశీలన. కాలిఫోర్నియాలోను, పసిఫిక్ వాయవ్య ప్రాంతంలోను కిటికీ వెలుగు ఆధారంగా నడిచే ఏర్పాట్లున్న 123 భవనాలను హెషాంగ్ మహోన్ బృందం అనే సలహా సంస్థ తిరిగి చూసింది. దాదాపు సగం చోట్ల ఏర్పాటు పనిచేయడమే లేదు. పనిచేస్తున్నచోట కూడా ఆదా అంచనాలో సగం. అన్నీ కలిపితే పావువంతు. అంతకుముందు పైకప్పు నుంచి వెలుగు వచ్చే గోదాములు, దుకాణాల మీద చేసిన పరిశీలనలో మాత్రం ఆదా దాదాపు అంచనాకు సరిపోయింది. దేశం ఒకటే. పెద్ద తేడా వెలుగు పక్కనుంచి వచ్చిందా, పైనుంచి వచ్చిందా అన్నదాంట్లో ఉంది. పక్క కిటికీకి మనుషుల చేయి అందుతుంది, పైకప్పుకు అందదు.

ఉత్తర తెలంగాణ కార్యాలయాల్లో కిటికీ గతి చూస్తే ఆ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. మార్చి రాగానే కిటికీలో కూలర్ ఎక్కుతుంది. దాని గడ్డి, దాని స్టాండు, పక్కనున్న సందులు మూయడానికి పెట్టిన ప్లైవుడ్ ముక్క కలిసి కిటికీని పూర్తిగా మింగేస్తాయి. జూన్‌లో వాన పడ్డాక కూడా అది దిగుతుందన్న భరోసా లేదు. రెండో కిటికీకి ఎదురుగా స్టీలు బీరువా, దాని మీద సీలింగు దాకా ఫైళ్లు. మూడోదానికి కంప్యూటర్ తెర మీద మెరుపు పడుతోందని పాత దినపత్రిక అంటించి ఉంటుంది. నాలుగోది తెరిస్తే అరచేతి దూరంలో పక్క భవనం గోడ. నమూనా తయారుచేసిన ఇంజినీరు ఈ నాలుగు కిటికీలనూ తేటగాజుగా లెక్కవేసి ఉంటాడు. ఏడాదిలో అతి వెలుగైన నాలుగు నెలలూ కూలర్ నెలలే కావడం ఇక్కడి వింత.

దిక్కుల లెక్క కూడా పుస్తకాల్లో ఉన్నంత సులువుగా ఉండదు. ఉత్తరపు కిటికీకి ఎండ రాదన్నది ఢిల్లీకీ లండన్‌కూ దగ్గరి మాట. వరంగల్‌లో మే రెండో వారం నుంచి జులై చివరి దాకా సూర్యుడు రోజంతా నడినెత్తికి ఉత్తరం వైపే ఉంటాడు. మధ్యాహ్నం దాదాపు నిట్టనిలువుగా ఉంటాడు కాబట్టి చిన్న సన్‌షేడ్ చాలు. ఉదయం, సాయంత్రం మాత్రం ఎండ ఉత్తరపు గాజు మీద వాలుగా పడుతుంది. దక్షిణంలో డిసెంబరు మధ్యాహ్నం కూడా సూర్యుడు 48 డిగ్రీల ఎత్తున ఉంటాడు, సన్‌షేడ్‌తో కొంత ఆపవచ్చు. తూర్పు పడమరలను సన్‌షేడ్ కాపాడలేదు. అక్కడ కర్టెన్లు దిగుతాయి, దిగాక ఎవరూ లేపరు. కర్టెన్ దించిన క్షణం నుంచి సెన్సర్ దీపాలను నిండుగా వెలిగిస్తుంది. తన పని తాను సరిగ్గా చేస్తూనే ఒక్క యూనిట్ కూడా మిగల్చదు.

గాజు ఎక్కువ పెడితే వెలుగు ఎక్కువ, కాబట్టి ఆదా ఎక్కువ అన్న వాదన హనుమకొండ, కరీంనగర్ రోడ్ల మీద కొత్తగా లేచే అద్దాల ముఖాల వెనక వినిపిస్తుంది. బల్బుల కాలంలో దానికి కొంత అర్థం ఉండేది. పాత ఫిలమెంట్ బల్బు ఒక వాటుకు పది, పదిహేను ల్యూమెన్ల (దీపం ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత) వెలుగిచ్చేది. ఎండ వాటుకు వంద దాకా ఇస్తుంది. ఒకే వెలుగుకు బల్బు కన్నా ఎండ ఎంతో చల్లన అన్నమాట. ఎల్‌ఈడీ వచ్చాక ఆ ఆధిక్యం పోయింది. అది కూడా వాటుకు వంద పైగా ఇస్తోంది. ఎండలోని పరారుణాన్ని, అంటే కంటికి కనిపించని వేడి కిరణాలను, వడగట్టే మంచి గాజు వాడితే పగటి వెలుగు మళ్లీ కాస్త ముందుకు వస్తుంది, కానీ అది కావలసినంత వెలుగు వరకే. 300 లక్స్ చాలిన బల్ల మీద 3,000 పడితే పదింట తొమ్మిది వంతులు ఉత్త వేడి, దాన్ని తోడిపోయడానికి ఏసీ. 2017 నాటి ఇంధన పొదుపు భవన నియమావళి, 100 కిలోవాట్లు ఆపైన లోడు ఉన్న వాణిజ్య భవనాలకు వర్తించేది, పనికొచ్చే పగటి వెలుగును 100 నుంచి 2,000 లక్స్ మధ్యే లెక్కిస్తుంది. పై హద్దు పెట్టడంలోనే దాని తెలివి ఉంది. అయితే వరంగల్‌లోని మామూలు కార్యాలయాలు, బ్యాంకు శాఖలు, కోచింగ్ కేంద్రాలు చాలావరకు ఆ లోడుకు చేరవు. లోడు లెక్కన వాటిని ఆ నియమావళి అడగదు.

అంతకుముందు దీపాలను మనుషులు ఎలా వాడేవారన్నది ఇంకో పెద్ద తేడా. 1970ల చివర్లో బ్రిటన్‌లో హంట్ అనే పరిశోధకుడు చేసిన పరిశీలన ఇప్పటికీ ఉదహరిస్తారు. గదిలోకి అడుగుపెట్టినప్పుడు చీకటిగా అనిపిస్తే స్విచ్ వేస్తారు. తర్వాత ఎంత వెలుగు వచ్చినా చివరి మనిషి వెళ్లేదాకా ఆర్పరు. ఎక్కువమంది కూర్చునే హాలుకు ఇది ఇక్కడా అచ్చంగా సరిపోతుంది. అందరిదీ అయిన దీపం ఎవరిదీ కాదు. ఇద్దరు ముగ్గురే కూర్చునే చిన్న గదుల్లో మాత్రం కథ వేరు. కరెంటు కోతల ఏళ్లు చూసిన తరానికి కిటికీ పక్కకు కుర్చీ జరుపుకోవడం, పగలు దీపం వేయకపోవడం అలవాటే. ఆరుబయట నుంచి వరండాలోకి, వరండా నుంచి తరగతి గదిలోకి వెలుగు వచ్చే పాత ప్రభుత్వ బడుల్లో పగలు దీపాలు వేసేదే తక్కువ. అలాంటి గదిలో సెన్సర్ పెట్టి 300 లక్స్ తగ్గకుండా చూడమంటే, 200 లక్స్‌తో హాయిగా గడిచిపోతున్న మధ్యాహ్నాల్లో అది దీపాలు వెలిగిస్తుంది. బిల్లు పెరుగుతుంది. తగ్గించే అధికారం సెన్సర్‌కు ఇచ్చి, వెలిగించే పని మనిషి వేలికే వదిలితే ఈ ఇబ్బంది ఉండదు.

చిన్న గదులకూ మధ్యస్థ హాళ్లకూ అంతకన్నా చవకైన పని ఒకటుంది. చాలా భవనాల్లో దీపాల వరుసలు తలుపు నుంచి కిటికీ వైపు నిలువుగా పోతాయి. ఒక స్విచ్ తీస్తే కిటికీ పక్క దీపంతో పాటు గది మూల దీపమూ ఆరుతుంది కాబట్టి ఎవరూ తీయరు. వైరింగు చేసేటప్పుడే వరుసలను కిటికీకి సమాంతరంగా విడదీసి, కిటికీ వరుస స్విచ్‌కు వేరే రంగు వేస్తే చాలు. పది స్విచ్‌ల బోర్డులో ఏది దేనిదో తెలియక అన్నీ ఒకేసారి నొక్కే అలవాటు సగం తగ్గుతుంది. కొత్త భవనంలో దీనికి అదనపు ఖర్చు దాదాపు ఉండదు. పాతదాంట్లో సీలింగు విప్పాల్సి వస్తుంది, అప్పుడు లెక్క చూసుకోవాలి.

సెన్సర్లు నిజంగా తమ ఖరీదు రాబట్టే చోటు వేరే ఉంది: పెద్ద షెడ్లు. వరంగల్ చుట్టూ పత్తి జిన్నింగ్ మిల్లులు, పెద్దపల్లి, కరీంనగర్ వైపు రైసు మిల్లులు, సిరిసిల్లలో మరమగ్గాల షెడ్లు, గీసుగొండ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో కుట్టుపని హాళ్లు. వీటిలో మూడు లక్షణాలు కలుస్తాయి. గంటలు ఎక్కువ, వెలుగు అవసరం ఎక్కువ, పైకప్పు చేతికందదు. కుట్టుమిషను దగ్గర 500 లక్స్ పైగానే కావాలి, దీపాలు షిఫ్టంతా వెలుగుతాయి. పైకప్పు విస్తీర్ణంలో మూడు నుంచి ఐదు శాతం మేర పాలరంగు పాలికార్బొనేట్ రేకులు వేస్తే పగటి షిఫ్టులో చాలాసేపు దీపాలతో పని ఉండదు. పెంకుటిళ్ల వంటగదిలో పెంకుల మధ్య ఒక గాజు పెంకు పెట్టిన పాత ఏర్పాటే ఇది, కొలతలతో. తేటరేకు కన్నా పాలరంగు రేకు మేలు. తేటరేకు కింద ఎండ ఒకచోట ముద్దగా పడి, ఆ పక్కన నీడ మరీ చిక్కబడుతుంది. పది శాతం రేకులు వేస్తే ఇంకా బాగుంటుందనుకోవడం మే నెల తెలియని మాట. నడినెత్తి ఎండలో చదరపు మీటరుకు వెయ్యి వాట్ల దాకా పడుతుంది, రేకు అందులో మూడింట రెండు వంతుల దాకా లోపలికి వదలగలదు.

వరంగల్‌లోని ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌లోలాగా పక్కలు తెరిచి ఉండే షెడ్లకు ఇవేమీ అక్కరలేదు. పగలు అక్కడ దీపాలే అనవసరం, ఒక టైమరు చాలు.

మిల్లుల్లో సెన్సర్‌కు శత్రువు దుమ్ము. దూది పోగులు, ఊక ధూళి సెన్సర్ కన్ను మీద పేరుకుంటే అది వెలుగును తక్కువగా చూస్తుంది, దీపాలను ఎక్కువగా వెలిగిస్తుంది. ఎవరికీ అసౌకర్యం కలగదు కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు. ఆదా నిశ్శబ్దంగా పోతుంది. రేకుల మీద పేరుకున్న ధూళి కూడా ఇదే చేస్తుంది. కాబట్టి కొనేటప్పుడే అడగాల్సినవి రెండు. రాత్రివేళ ఒకసారి దీపాలతో మాత్రమే, పగలు ఒకసారి వెలుగు నిండుగా ఉన్నప్పుడు సెన్సర్‌ను సరిచూసి ఆ అంకెలు రాసి ఇస్తారా అన్నది మొదటిది. ఈ దీపాలకు విడిగా మీటరు పెడతారా అన్నది రెండోది. మీటరు లేకపోతే ఎంత ఆదా అయిందో అమ్మినవాడు చెప్పినదే లెక్క.

షెడ్ల యజమానులు ఈ మధ్య వేస్తున్న ప్రశ్న ఇంకొకటి: పైకప్పు మీద వెలుగు రేకు పెట్టాలా, సౌర పలక పెట్టాలా? మంచి పలక చదరపు మీటరుకు మిట్టమధ్యాహ్నం 200 వాట్లు ఇస్తుంది. దాన్ని వాటుకు 120 ల్యూమెన్ల ఎల్‌ఈడీలో పోస్తే 24,000 ల్యూమెన్లు. అదే చదరపు మీటరు రేకు ఏ యంత్రమూ లేకుండా 60,000 దాకా దించగలదు, దాంతోపాటు వేడినీ దించుతుంది. పలక వేడి పైకప్పు బయటే ఉండిపోతుంది, దాని కరెంటు దీపాలకు అక్కరలేనప్పుడు మోటార్లకు పోతుంది. నిజానికి రేకులకు కావలసింది నాలుగైదు శాతం జాగానే కాబట్టి రెండూ పట్టేంత పైకప్పు ఉంటుంది. పలకలు పెట్టే కాంట్రాక్టరు మాత్రం షెడ్డంతా ఒకే పరుపుగా పరచడానికే ఇష్టపడతాడు, ఉన్న రేకుల మీద కూడా. పలకలు వేశాక కింద సెన్సర్లు ఎందుకు పనిచేయడం లేదని మిల్లువాళ్లు అడిగే చోట ముందు పైకెక్కి చూడాల్సింది అదే.